గోల్ కొట్టని పిల్లవాడు

పోయిన నెల పేరెంట్ టీచర్ మీటింగ్‌లో ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది. ఇంగ్లిష్ గురించి అడిగి ఉంటే చెప్పేదాన్నే. ఆయన అడిగింది ఫుట్‌బాల్ గురించి.

"మావోడు ఎన్ని గోల్లు కొట్టిండు మేడమ్?"

అంతకు రెండు రోజుల ముందే మన స్కూల్లో హౌస్‌ల మధ్య ఫుట్‌బాల్ పోటీలు అయిపోయాయి. వాళ్ల బాబు ఏడో తరగతి. వాళ్ల హౌసే గెలిచింది. స్కోరు కాగితం నోటీసు బోర్డు మీద ఉంది. ఒకసారి చూసి వచ్చి చెప్పాను.

"కొట్టలేదు సార్."

"ఒక్కటి గూడనా?"

"లేదు సార్."

ఆయన పక్కనే నిలబడ్డ కొడుకు వైపు చూశారు. వాడు తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"మరి పది రోజులు ఎండల ఉరికి ఏం జేసినట్టు? ఆ గంట లెక్కలు జేసుకున్నా అక్కరకొచ్చు గద మేడమ్."

కోపంగా అనలేదు. ఆయన మన మార్కెట్ యార్డులో ఒక అడ్తి దుకాణంలో గుమస్తా. మిర్చి సీజన్లో పొద్దుగూకే దాకా బస్తాలు లెక్కపెడతారు, తూకం రాస్తారు, రాత్రికి లెక్క తేలితేనే ఇంటికి పోతారు. తాను కట్టే ఫీజు ఎక్కడికి పోతున్నదో అడిగే హక్కు ఆయనకుంది. లేచి వెళ్తూ, వచ్చే నెల నుంచి బాబును ఆటలు మాన్పించి సాయంత్రం ఫౌండేషన్ క్లాసులో చేర్పించాలనుకుంటున్నానని చెప్పారు. "మీరు క్లాస్ టీచర్. మీరేమంటరు?" అని అడిగారు.

"వారం టైమివ్వండి సార్" అన్నాను. అంతకన్నా ఏమనాలో నిజంగా తెలియలేదు.

ఈ వ్యాసం ఆ వారం గురించి. వాళ్ల నాన్నగారి అనుమతి తీసుకునే రాస్తున్నాను. పిల్లవాడి పేరు మాత్రం రాయను.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. జూలై, ఆగస్టు నెలల్లో వాళ్ల సెక్షన్ గేమ్స్ పీరియడ్లు ఏడు నేనే తీసుకున్నాను. సిలబస్ వెనకబడిందనీ, స్లిప్ టెస్టు ఉందనీ ప్రతిసారీ ఒక కారణం దొరికింది. ఇంకొకటి, ఆ బాబు ప్రోగ్రెస్ కార్డులో రిమార్క్స్ దగ్గర "క్లాసులో ఇంకా చురుగ్గా పాల్గొనాలి" అని రాశాను. అదే వాక్యం ఆ రోజు పదకొండు మంది కార్డుల్లో రాశాను. అయిదు నెలల్లో నా క్లాసులో వాడి నోట నేను విన్నది "ప్రెజెంట్ మేడమ్" ఒక్కటే కాబట్టి అది అబద్ధమని కూడా అనిపించలేదు.

మర్నాడు పీఈటీ సార్‌ను అడిగాను. "ఆ బాబు నిజంగా ఆడతాడా సార్? గోల్ ఒక్కటీ లేదు."

ఆయన నవ్వారు. "వాడు డిఫెండర్ మేడమ్. సాయంత్రం గ్రౌండ్‌కి రండి. ఒక్కటే షరతు. బాల్ను చూడకండి. వాణ్ణి చూడండి."

మన గ్రౌండ్ మీకు తెలుసు. పచ్చిక లేని మొరం నేల, రెండు చివర్లా పాతిన కర్రలు, గోడ అవతల కాజీపేట నుంచి విజయవాడ వైపు పోయే రైళ్లు. ఒక మూల వేపచెట్టు కింద నిలబడ్డాను. బాల్ను వదిలేసి ఒక్క పిల్లవాణ్ణే చూడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. కళ్లు వాటంతట అవే బాల్ వెంట పోతాయి. మొదటి పది నిమిషాలు వాడు ఏమీ చేస్తున్నట్టు కనిపించలేదు. గోల్‌కీపర్ ముందు నిలబడి, అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు.

తర్వాత మెల్లగా కనిపించడం మొదలైంది. బాల్ ఇంకా మైదానం మధ్యలో ఉండగానే వాడు కదులుతున్నాడు. అవతలి జట్టులో బాగా ఉరికే పిల్లవాడు ఎటు పోతే అటు, వాడికీ గోల్‌కూ మధ్య తాను ఉంటున్నాడు. బాల్ ఉన్నవాడి మీద పడిపోవడం లేదు. రెండడుగుల దూరంలో వెనక్కి వెనక్కి నడుస్తూ, వాణ్ణి గీత వైపు నెడుతున్నాడు. ఎందుకని తర్వాత అడిగితే పీఈటీ సార్ చెప్పారు: తొందరపడి కాలు పెడితే అవతలివాడు ఒక్క మలుపుతో దాటిపోతాడు, అప్పుడు వెనక కీపర్ ఒక్కడే మిగులుతాడు. అందుకే మంచి డిఫెండర్ తన జట్టు వెనక్కి వచ్చేదాకా ఆలస్యం చేస్తాడు. ఆలస్యం చేయడం కూడా ఒక పనే.

ఆఫ్‌సైడ్ సంగతీ అప్పుడే అర్థమైంది. బాల్ అందించే క్షణానికి, ముందున్న ఆటగాడు అవతలి జట్టు సగంలో, బాల్ కన్నా, అవతలి జట్టు చివరి ఇద్దరిలో రెండోవాడి కన్నా గోల్‌కు దగ్గరగా ఉంటే ఆఫ్‌సైడ్. ఆ ఇద్దరిలో ఒకరు మామూలుగా కీపరే. అంటే మిగిలిన డిఫెండర్లు అందరూ సరిగ్గా ఒకే క్షణంలో రెండడుగులు ముందుకొస్తే, ఉరికే పిల్లవాడు నిలబడ్డచోటే ఇరుక్కుపోతాడు. కానీ నలుగురిలో ఒక్కడు ఆలస్యమైనా పని చెడుతుంది. కాబట్టి ఎవరో ఒకరు అరవాలి.

అరిచేది మన బాబే. నన్ను నిలబెట్టేసింది అదే.

"స్టెప్ అప్! స్టెప్ అప్!" "మ్యాన్ ఆన్!" "లీవ్ ఇట్, మైన్!" "వాచ్ యువర్ లెఫ్ట్!"

గొంతు గ్రౌండ్ ఈ చివరి నుంచి ఆ చివరికి వినబడుతోంది. తనకన్నా ఏడాది పెద్దవాళ్లను కూడా పేరు పెట్టి పిలిచి, ఎక్కడ నిలబడాలో చెబుతున్నాడు. వాళ్లు వింటున్నారు. వెనకాల నిలబడ్డవాడికే మైదానం అంతా కనబడుతుంది, అందుకే డిఫెండర్ మాట్లాడుతూనే ఉండాలట. ముప్పై దాకా లెక్కపెట్టి ఆపేశాను. అయిదు నెలలుగా నా క్లాసులో నోరు విప్పని పిల్లవాడు ఇరవై నిమిషాల్లో ముప్పైకి పైగా ఇంగ్లిష్ మాటలు, సందర్భానికి తగ్గట్టు, తడుముకోకుండా మాట్లాడాడు. నేను రాసిన రిమార్కు గుర్తొచ్చి సిగ్గేసింది.

మన ఊళ్లల్లో పిల్లలకు కబడ్డీ బాగా తెలుసు. కూతకు పోయి ఇద్దరిని తాకి వచ్చినవాణ్ణి భుజాల మీద ఎత్తుకుంటాం. అయినా కూతకు వచ్చినవాణ్ణి పట్టి పడేస్తే పట్టిన జట్టుకు పాయింటన్నా వస్తుంది. ఫుట్‌బాల్‌లో ఆపినవాడికి అదీ లేదు. పది ఆపితే బోర్డు మీద ఏమీ మారదు. ఒకటి తప్పితే మాత్రం "వీడి వల్లే" అంటారు. చెరువు కట్ట కూడా అంతే కదా. మన వరంగల్ ప్రాంతంలో పెద్ద చెరువును సముద్రం అనే అలవాటు ఉంది, మన ఊరి పేరులోనూ ఆ సముద్రం ఉంది. చెరువు నిండితే నీళ్లను చూడ్డానికి పోతాం, పంట పండితే పొలాన్ని చూసి మురుస్తాం. కట్టను తలుచుకునేది అది తెగిన రోజే.

ఆ సాయంత్రం పీఈటీ సార్ ఒక పేరు చెప్పారు. సయ్యద్ నయీముద్దీన్. "మన హైదరాబాద్ ఆయనే మేడమ్, చదవండి" అన్నారు. నేను ఆ పేరు అదే మొదటిసారి వినడం. పుట్టి పెరిగింది తెలంగాణలో, చదివింది బీఈడీ, జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు ఎన్నో బట్టీ పట్టాను. అయినా తెలియదు.

నయీముద్దీన్ 1944లో హైదరాబాద్‌లో పుట్టారు. డిఫెండర్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు ఆడారు. ఆ జట్టు అప్పట్లో ఎంత పెద్దదంటే, బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు గెలిచింది. నయీముద్దీన్ 1966లో కలకత్తా వెళ్లి ఈస్ట్ బెంగాల్‌కు, తర్వాత మోహన్ బగాన్‌కు, మహమ్మడన్ స్పోర్టింగ్‌కు కూడా ఆడారు. ఫుట్‌బాల్ అంటే ప్రాణం పెట్టే ఊళ్లో, ఆ మూడు పెద్ద క్లబ్బులూ కోరుకున్న డిఫెండర్ ఆయన.

1970 డిసెంబరులో బ్యాంకాక్ ఆసియా క్రీడలకు భారత జట్టు కెప్టెన్ ఆయనే. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడిపోయాం. కంచు పతకం కోసం జపాన్‌తో ఆడాల్సి వచ్చింది. ఆ జపాన్ రెండేళ్ల ముందే, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో మూడో స్థానంలో నిలిచిన దేశం. మనవాళ్లు గెలిచారు, ఒకటి సున్నాతో. ఆసియా క్రీడల్లో భారత పురుషుల ఫుట్‌బాల్ జట్టుకు ఇప్పటికీ అదే చివరి పతకం.

ఆ స్కోరు నేను చాలాసేపు చూశాను. ఒకటి, సున్నా. ఆ ఒకటి ఎవరు కొట్టారో రికార్డుల్లో పేరుతో సహా ఉంటుంది. ఆ సున్నాను సున్నాగా ఎవరు నిలబెట్టారో ఒకరి పేరు మీద ఎక్కడా ఉండదు. కానీ అవతలి పక్క సున్నా లేకపోతే మన ఒకటికి పతకం రాదు.

అదే జట్టులో హైదరాబాద్ నుంచి మహమ్మద్ హబీబ్ కూడా ఉన్నారు. ఆయన ఫార్వర్డ్. కలకత్తా వాళ్లు ఆయన్ను బడే మియా అని పిలుచుకున్నారు. 1977లో పీలే ఆడిన న్యూయార్క్ కాస్మోస్ జట్టు కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ రెండు రెండుతో సమం చేసింది, అందులో ఒక గోల్ హబీబ్‌ది. ఆ గోల్ కథ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఒకే ఊరు, ఒకే దేశపు చొక్కా. గోల్ కొట్టినాయన కథ గోల్‌తోపాటు మిగిలింది. ఆపినాయన కథ వెతుక్కుంటే దొరుకుతుంది.

ఇది మన దగ్గరే కాదు. ప్రపంచంలో ఆ ఏటి మేటి ఆటగాడికి ఇచ్చే బాలన్ డి ఓర్ 1956 నుంచి ఉంది. అది అందుకున్న డిఫెండర్లను ఒక చేతి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. జర్మనీకి చెందిన బెకెన్‌బాయర్, సామర్, ఇటలీకి చెందిన కన్నవారో. కన్నవారో కెప్టెన్‌గా 2006లో ఇటలీ ప్రపంచ కప్పు గెలిచినప్పుడు ఏడు మ్యాచుల్లో ఆ జట్టు మీద పడిన గోల్స్ రెండే. ఒకటి సొంత ఆటగాడి కాలికి తగిలి లోపలికి పోయింది, ఇంకొకటి ఫైనల్లో పెనాల్టీ. అంత చేస్తే గానీ ఒక డిఫెండర్ వైపు లోకం తల తిప్పలేదు.

నయీముద్దీన్ ఆట మానేశాక శిక్షకుడయ్యారు. క్రమశిక్షణ విషయంలో గట్టి మనిషని పేరు. 1990లో ఆయన శిక్షణలో ఈస్ట్ బెంగాల్ ఒకే ఏడాది డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ గెలిచింది. భారత జట్టుకు కోచ్‌గా పనిచేశారు, బంగ్లాదేశ్‌కు కూడా. ఆటగాడిగా అర్జున, గురువుగా ద్రోణాచార్య, రెండూ అందుకున్నారు. వెనక నిలబడి మైదానమంతా చూసిన మనిషి గురువు కావడంలో నాకు ఆశ్చర్యం అనిపించలేదు.

ఆయన గురించి చదువుతుంటే ఇంకో హైదరాబాదీ ఎదురయ్యారు. సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా ఆయన మీద తీసిందే, మీలో కొందరు చూసే ఉంటారు. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన కోచ్‌గా ఉన్నప్పుడు వచ్చినవే. 1962 ఫైనల్లో దక్షిణ కొరియాపై గెలిచిన రెండు గోల్స్‌లో ఒకటి జర్నైల్ సింగ్ అనే డిఫెండర్‌ది. అంతకు ముందు ఒక మ్యాచ్‌లో తలకు దెబ్బ తగిలి కుట్లు పడితే, రహీం గారు ఆయన్ను ఫార్వర్డ్‌గా ఆడించారు. ఇవన్నీ గొప్ప సంగతులే. కానీ నన్ను పట్టుకున్నది వేరే. రహీం గారు అసలు స్కూల్ టీచర్. కాచిగూడలో, చాదర్‌ఘాట్‌లో పాఠాలు చెప్పిన మనిషి.

ఆయన తన ఆటగాళ్లకు బలం లేని కాలితోనే బాల్ తన్నాలనే నియమంతో పోటీలు పెట్టేవారని చెబుతారు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమ కాలితోనే ఆడాలి. మొదట అందరి ఆటా వంకరగానే పోతుంది, అందరూ తప్పులే చేస్తారు. కానీ అందరూ చేస్తున్నారు కాబట్టి ఎవరికీ సిగ్గుండదు. కొన్నాళ్లకు ఆ కాలు కూడా కాలవుతుంది.

అది చదివాక పుస్తకం మూసి కూర్చున్నాను. మన పిల్లల్లో చాలామందికి ఇంగ్లిష్ ఎడమ కాలే. ఇంట్లో తెలుగు, లంబాడీ, ఉర్దూ. ఆ భాషల్లో వాళ్లు గబగబా ఉరుకుతారు. నా క్లాసులో మాత్రం మొదటి మాటే సరిగ్గా ఉండాలని అడుగుతున్నాను. తప్పయితే నలభై మంది ముందు దిద్దుతున్నాను. అందుకే ఆ బాబు నా దగ్గర నోరు మూసుకున్నాడు. గ్రౌండ్‌లో వాణ్ణి గ్రామర్ అడిగేవాళ్లు లేరు. తన మాట అవసరం ఉంది, అది వినేవాళ్లు ఉన్నారు. అందుకే మాట వచ్చింది.

వారం గడిచాక ఆ తండ్రికి ఫోన్ చేశాను. నయీముద్దీన్ గురించి చెప్పాను, ఒకటి సున్నా గురించి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. చివరికి అన్నారు, "మంచిగనే ఉంది మేడమ్. గని మావోడు నయీముద్దీన్ అయితడా?"

న్యాయమైన ప్రశ్న. "కాకపోవచ్చు సార్" అన్నాను. ఆటలో పేరు తెచ్చుకునే పిల్లలు ఎప్పుడూ కొద్దిమందే. నిజామాబాద్ జిల్లాలో ఒక తండా నుంచి బయల్దేరిన గుగులోతు సౌమ్య భారత జట్టు చొక్కా వేసుకుంది, 2022లో క్రొయేషియాలోని డినామో జాగ్రెబ్ క్లబ్బు దాకా వెళ్లింది. ఆమెను చూసి మన పిల్లలు కలలు కనాలి. కానీ ఆ కల చూపించి ఎవరినీ ఆటకు ఒప్పించడం నాకు ఇష్టం లేదు. "నేను చెప్పేది మీ బాబు ఏమవుతాడో కాదు సార్. ఇప్పుడు వాడు ఏం చేస్తున్నాడో ఒక్కసారి వచ్చి చూడండి. బాల్ను చూడకండి. వాణ్ణి చూడండి."

ఒక శనివారం వచ్చారు. బండి గోడ పక్కన ఆపి, దాని మీదే కూర్చుని చూశారు. నేను వేపచెట్టు కింద కాగితం, పెన్ను పట్టుకుని నిలబడ్డాను. ఆ రోజు వాళ్ల జట్టు గెలవలేదు, ఒకటి ఒకటితో సమం అయింది. ఆ పడిన ఒక్క గోల్ కూడా మన బాబు ఉన్న వైపు నుంచే పడింది. వాడు నేల మీద ఒక్క క్షణం కూర్చున్నాడు, లేచి చేతులు దులుపుకున్నాడు, మళ్లీ "స్టెప్ అప్!" అని అరిచాడు. వాళ్ల నాన్న అది చూశారు.

ఆట అయ్యాక నా దగ్గరకొచ్చి అడిగారు. "ఎన్ని ఆపిండు మేడమ్?"

కాగితం మీద గీతలు లెక్కపెట్టి చెప్పాను. "పద్నాలుగు సార్. ఒకటి పోయింది."

ఆయన ఆ కాగితం తీసుకుని తన లెక్కతో ఇంకోసారి సరిచూసుకున్నారు. తర్వాత మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఇది అద్భుతంతో ముగిసే కథ కాదు. లెక్కల్లో వాడి మార్కులు ఇంకా పెరగలేదు. ఆ తండ్రి ఆందోళనా పోలేదు, పోవాలని నేను అనను. ఇప్పుడు వారానికి మూడు రోజులు ఫౌండేషన్ క్లాసు, మూడు రోజులు గ్రౌండ్. ఇద్దరికీ ఒప్పందం కుదిరింది. నా వైపు నుంచి నేను చేసినవి మూడు. గేమ్స్ పీరియడ్ మళ్లీ తీసుకోలేదు. శుక్రవారం పది నిమిషాలు క్లాసులో ఎవరూ ఎవరినీ దిద్దకుండా ఇంగ్లిష్‌లో మాట్లాడుకోవడం మొదలుపెట్టాను. దానికి 'ఎడమ కాలు' అని పిల్లలే పేరు పెట్టారు. మొదటి శుక్రవారం మన బాబు లేవలేదు. రెండోసారి లేచి, ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో చెప్పాడు. తప్పులతోనే చెప్పాడు. అందరికీ అర్థమైంది. ఇక మూడోది, ప్రోగ్రెస్ కార్డు. ఈసారి పదకొండు మందికీ పదకొండు వేర్వేరు వాక్యాలు రాశాను. ఒక రాత్రంతా పట్టింది.

తల్లిదండ్రులను నేను అడిగేది ఒక్కటే. మార్కులు అడగండి, ర్యాంకు అడగండి, అది మీ హక్కు. దాంతోపాటు ఇంకో ప్రశ్న కూడా అడిగి చూడండి: "ఇవాళ నువ్వు ఎవరికి సాయంగా నిలబడ్డావు?" కొత్తగా చేరిన పిల్లను తన బెంచీలో కూర్చోబెట్టుకున్న అమ్మాయి, గొడవ పెద్దది కాకముందే ఇద్దరి మధ్యకు పోయిన అబ్బాయి, చెల్లి జ్వరంతో ఉంటే ఇంట్లో పని చూసుకుని ఆలస్యంగా వచ్చి తిట్లు తిన్న పిల్ల. ఇవేవీ మా రిజిస్టర్లో పడవు. ఆ పిల్లలు ఇంటికొచ్చి తమంతట తాము చెప్పరు కూడా. డిఫెండర్లు అంతే.

వచ్చే శనివారం సాయంత్రం మన గ్రౌండ్‌లో మ్యాచ్ ఉంది. వీలైతే రండి. వేపచెట్టు కింద చోటు ఉంటుంది.

— ఏడో తరగతి క్లాస్ టీచర్, ఇంగ్లిష్ విభాగం, కేసముద్రం